ముద్ర కొట్టని ఫైలు

ఆ సోమవారానికి చలపతి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి థీసిస్ ప్రింటు తియ్యాలి. పదకొండింటికి ఝపటాపూర్‌లో తీతు దుకాణంలో బైండింగుకి ఇవ్వాలి. మూడింటికి ప్రొఫెసర్ గారి సంతకం. నాలుగింటికి థీసిస్ సెక్షన్‌లో ఆలిస్ గారి బల్ల మీద నాలుగు ప్రతులు పెట్టి రసీదు పుచ్చుకోవాలి. నాలుగుంపావుకి క్యాంటీన్‌లో ఆమ్లెట్ తినాలి. ఆమ్లెట్ సంగతి కూడా కాగితం మీద రాసుకున్నాడు.

చలపతిది ఒంగోలు. ఖరగ్‌పూర్ ఇంజనీరింగు సంస్థలో రైలు వంతెనల కంపనాల మీద పరిశోధన చేస్తున్నాడు. అతను చేరి ఆ సాయంత్రం ఐదు గంటలకి సరిగ్గా ఏడేళ్లు. ఏడేళ్లలోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. రద్దయితే అతను కొలిచిన వంతెనలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. అతను కొలిచినట్టు మాత్రం ఎక్కడా ఉండదు.

అతను కంప్యూటర్ ల్యాబులోకి వచ్చేసరికి శ్యామల అప్పటికే తన బల్ల దగ్గర కూర్చుని ఉంది. శ్యామల ల్యాబు అసిస్టెంటు. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో, తెలుగు బడిలో చదువుకున్న పిల్ల. తండ్రి తవిటయ్య ముప్పై నాలుగేళ్లు రైల్వే వర్క్‌షాపు స్టోర్లో పనిచేసి, ఆ ఏడాదే, అంటే తొంభై ఆరు జనవరిలో, రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి మలంచాలో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. శ్యామల అవసరమైతే తప్ప మాట్లాడదు. అవసరమైనా ఒకసారి ఆలోచిస్తుంది.

"శ్యామల గారూ, ఇవాళ చివరి ప్రింటండీ. నూట నలభై రెండు పేజీలు. కాగితాలున్నాయా?"

"ఉన్నాయండి. కొత్త టెక్ సెట్టు మీద మొదటి థీసిస్ మీదే."

ఆ చివరి మాటలో చిన్న గర్వం ఉంది. ఉండవలసిందే.

టెక్ అనేది పుస్తకం అచ్చుకి అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్. దాన్ని రాసినవాళ్లు అమ్ముకోలేదు. ఎవరైనా తీసుకోండి, విప్పి చూసుకోండి అని లోకానికి వదిలేశారు. అది చూసి ఎక్కడెక్కడివాళ్లో తలో చెయ్యీ వేశారు. ఒకరు గణిత సూత్రాలకి, ఒకరు చదరంగం బల్లలకి, ఒకరు సంగీతం గుర్తులకి, ఇలా వేల ఫైళ్లు రాసి చేర్చారు. ఆ ఫైళ్లన్నిటినీ మూటలు కట్టి పంచిపెట్టేవాళ్లు మళ్లీ వేరే. ల్యాబులో అలాంటి మూటలు మూడు ఉండేవి. ఎనభై తొమ్మిది నుంచి వాడుతున్నది నలభై రెండు పెద్ద ఫ్లాపీల మీద ఉండేది. తొంభై మూడులో టేపు మీద ఒకటి వచ్చింది. క్రితం ఏడాది సీడీ మీద ఇంకొకటి. మూడింటిలోనూ సగానికి పైగా అవే ఫైళ్లు. ఈ కంప్యూటర్ మీద కుదురుగా వచ్చిన పేజీ ఆ కంప్యూటర్ మీద ఒక వరస కిందికి జారేది. డిస్కులు నిండిపోయి కంప్యూటర్లు మూలిగేవి. మూడు మూటల్నీ కలిపి ఒక్కటి చెయ్యమని శ్యామలకి ఎవరూ చెప్పలేదు. చూస్తూ ఊరుకోలేక మొదలుపెట్టింది.

మూడు నెలలు పట్టింది. పదకొండు వేల ఫైళ్లు. ఒక్కొక్కదాని పేరు, తేదీ, పరిమాణం పొడుగు నోటుబుక్కులో రాసుకుంది. ఒకే పేరుతో రెండు మూడు చోట్ల ఉన్నవి మూడు వేల నాలుగు వందలు తేలాయి. వాటి సంగతి ఏం చెయ్యాలో తెలియక ఒకరోజు అన్నం తింటున్న తండ్రిని అడిగింది.

"నాన్నా, ఒకే పేరూ ఒకే నంబరూ ఉన్న సామాను రెండు స్టోర్లలో ఉంటే ఏటి సేస్తారు?"

"కొత్తది ఉంచుతాం. పాతదాని మీద ఎర్రరంగు కొట్టి స్క్రాపులో పడేస్తాం," అన్నాడు తవిటయ్య, చేప ముల్లు తీసుకుంటూ.

ఆ రూలు ఆమెకి నచ్చింది. టెక్ ఫైళ్లు రాసినవాళ్ల ఆచారానికీ అది సరిగ్గా సరిపోయింది. చాలా ఫైళ్ల నెత్తి మీద ఒకే మాట ఉంటుంది: ఇందులో ఏదైనా మార్చాలనుకుంటే ముందు వేరే పేరుతో నకలు తీసుకుని ఆ నకలు మార్చండి, దీన్ని ముట్టుకోకండి. దాన్ని అందరూ పాటిస్తే, ఒకే పేరున్న రెండు ఫైళ్లు ఒకే మనిషి పని అయి తీరాలి. కొత్త తేదీ ఉన్నది తప్పులు దిద్దినది అయి తీరాలి. కాబట్టి శ్యామల మూడు వేల నాలుగు వందల చోట్లా కొత్తదాన్ని ఉంచి పాతదాన్ని తీసేసింది. శుక్రవారం సాయంత్రం పాత డిస్కు తుడిచి కొత్త సెట్టు ఎక్కించింది. ఫ్లాపీల మీద ఎర్రస్కెచ్‌తో ఇంటూ గీతలు కొట్టి రద్దు సామానులో పెట్టించింది.

ప్రింటరు గరగరమని మొదలై, తొంభై ఒకటో పేజీ దగ్గర ఆగింది.

"కాగితం ఇరుక్కుందాండీ?" అన్నాడు చలపతి.

"లేదండి. అయిపోయింది."

"ఏమిటి అయిపోయింది?"

"థీసిస్."

చలపతి ఆ కట్టని తూకం చూస్తున్నట్టు అరచేతిలో పెట్టుకున్నాడు. "ఏడేళ్లండీ," అన్నాడు. "ఏడాదికి పదమూడు పేజీలు."

శ్యామల పేజీలు తిప్పింది. మాటలేవీ పోలేదు. వరసలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని దగ్గరగా జరిగిపోయాయి. ఎడమ పక్క వదలవలసిన జాగా ఒక అంగుళం కూడా లేదు. తీతు అక్కడ సూది గుచ్చితే ప్రతి వరసలోనూ మొదటి మాట కుట్టులోకి పోతుంది. అంతవరకు పోనివ్వకుండా ఆలిస్ గారు ముందే తిప్పి పంపేస్తారు. ఆవిడ బల్ల మీద ఒక చెక్క స్కేలు ఉంటుంది. ఆ స్కేలు చూస్తే లెక్చరర్లకి కూడా చేతులు చల్లబడతాయి.

"శుక్రవారం పొద్దున్న తీసిన చిత్తుప్రతి బాగానే ఉంది కదండీ!"

"అది పాత సెట్టు మీద తీసినదండి. పైగా చిత్తుప్రతులు పొదుపు కోసం ఒక్కో కాగితం మీద రెండేసి పేజీలు చిన్నవి చేసి తీస్తాం కదా. అందులో పేజీల లెక్క తెలుస్తుంది గానీ కొలతలు తెలియవు."

ఆమె నోటుబుక్కు తెరిచింది. థీసిస్‌కి రూపం ఇచ్చే ఫైలు ఒకటుంది. ఒకే పేరుతో మూడు చోట్ల ఉంది. ఎనభై తొమ్మిది నాటిది మిగతా రెంటికన్నా కొంచెం పెద్దది. దాని పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం కూడా ఉంది. పెట్టినది తనే. పెట్టి, రూలు గుర్తుచేసుకుని, ముందుకు వెళ్లిపోయింది. మూడు వేల మూడు వందల తొంభై తొమ్మిది ఫైళ్ల విషయంలో శ్యామల నిర్ణయం సరైనదే. మిగిలిన ఆ ఒక్కదాని మీద చలపతి ఏడేళ్లు కూర్చుని ఉన్నాయి.

"ఎవరో పాత ఫైలుని మన ఆఫీసు కొలతలకి సరిపడేట్టు మార్చారండి. మార్చి, పేరు అదే ఉంచేశారు."

"ఎవరు?"

"రాసుకోలేదండి."

చలపతికి కొలిచి కూర్చునే ఓపిక వంతెనల దగ్గరే ఉంటుంది, ల్యాబులో ఉండదు. "వరసలు దూరంగా జరగాలి, అంతేగా?" అని తనే కీబోర్డు ముందు కూర్చుని, ఉన్నదంతా రెట్టింపు దూరానికి జరిపే ఆజ్ఞ ఒకటి కొట్టాడు. ప్రింటరు మళ్లీ మొదలైంది. ఈసారి ఆగదేమో అనిపించింది. పట్టికల్లో గడులు చాపల్లా పరుచుకున్నాయి. లవానికీ హారానికీ మధ్య గూడ్సుబండి పట్టేంత జాగా వచ్చింది. విషయసూచిక ఒక్కటే పద్నాలుగు పేజీలు. రెండు వందల ముప్పయ్యో పేజీ దగ్గర కాగితాలు నిండుకున్నాయి గానీ థీసిస్ నిండుకోలేదు.

సరిగ్గా అప్పుడే ప్రొఫెసర్ గణపతిరావు గారు లోపలికి వచ్చారు. ఆయన చలపతికి గైడు. కోపం ఎక్కువ. ఆ కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోదు.

"ఏమయ్యా, అయిందా?" అని బల్ల మీద రెండు కట్టలూ చూశారు. "ఈ సన్నది ఎవరిది?"

"నాదేనండి."

"ఈ లావుది?"

"అదీ నాదేనండి."

"ఇందులో థీసిస్ ఏది?"

"ఏదీ కాదండి," అన్నాడు చలపతి.

శ్యామల జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు తనదే అని కూడా చెప్పింది. గణపతిరావు గారు చెయ్యి అడ్డంగా ఊపారు.

"నీదేం తప్పమ్మా? పేరు చూసి నమ్మడం తప్పా? మార్చదలిస్తే పేరు మార్చుకోండిరా అని ఫైలు మొదటి వరసలో మొత్తుకుంటుంటే, ఆ ఒక్క వరస చదవలేకపోయాడా? బుద్ధిలేనివాడు! ఊరికే వస్తోంది కదా అని లోకువ. వాడెవడో దొరకాలి, ఈ ల్యాబు గడప తొక్కనివ్వను! పాత ఫ్లాపీలేవి?"

"తీతు దాదా తీసుకెళ్లారండి. శనివారం."

డిపార్ట్‌మెంట్ రద్దు సామాను ఎప్పుడూ బైండింగు తీతుకే వెళుతుంది. గణపతిరావు గారు ఒక్కరోజు గడువు అడగడానికి థీసిస్ సెక్షన్ వైపు వెళ్లారు. చలపతి, శ్యామల సైకిళ్లెక్కి ఝపటాపూర్ వైపు వెళ్లారు.

"ఆయియే చలపతి దాదా!" అన్నాడు తీతు. బంక డబ్బా పక్కన పెట్టి, మెరూన్ గుడ్డ వేసిన నాలుగు అట్టలు గల్లా మీద పరిచాడు. బంగారు అక్షరాలతో చలపతి పేరు మెరుస్తోంది. తీతు బెంగాలీ, హిందీ, దుకాణానికి వచ్చేవాళ్ల దగ్గర నేర్చిన తెలుగు, మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు. "మీది ఈరోజు అని తెలుసు కదా, కవర్ శనివారమే బనా దియా. దేఖియే మూల." వేలితో అట్ట మూల మీద టకటక కొట్టాడు. "వంగదు. వందేళ్లయినా వంగదు. లోపల అట్టముక్క కాదు దాదా, ప్లాస్టిక్. మీ డిపార్ట్‌మెంట్ నుంచే వచ్చింది. నల్ల చెక్కలు, ఎర్ర గీత కొట్టినవి. ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్ మాల్."

చలపతి శ్యామల వైపు చూశాడు. శ్యామల అట్ట వైపు చూసింది.

"ఎన్ని వాడారు దాదా?" అంది మెల్లగా.

"సబ్, అన్నీ. కొన్ని ఇందులో. మిగతావి స్కూల్ రిజిస్టర్లలో."

తర్వాత జరిగింది తీతుకి చాలా రోజులు మనసులో ఉండిపోయింది. చలపతి తన పేరున్న అట్టని తనే చాకుతో చీల్చాడు. లోపల నాలుగు మూలలా నాలుగు నల్లటి త్రికోణాలు ఉన్నాయి. తీతు ఫ్లాపీలని కత్తెరతో ఐమూలగా కోసి, మూలకొకటి చొప్పున శుభ్రంగా అంటించాడు. ఒక త్రికోణం మీద శ్యామల దస్తూరీతో పదిహేడు అని ఉంది.

"పదిహేడేనండి మనకి కావలసింది," అంది శ్యామల.

చలపతి ఆ ముక్కని వెలుతురుకి ఎత్తి చూశాడు. "సగం ఫైలైనా వస్తుందాండీ?"

"రాదండి."

"ఎంత బాగా అంటించాను!" అన్నాడు తీతు, చిరిగిన అట్టని రెండు చేతుల్లోకి తీసుకుని. "ఇప్పుడు మూడే ఉన్నాయి. నాలుగోది ఎక్కడి నుంచి తేవాలి?"

ఒంటిగంటన్నరకి ఇద్దరూ ల్యాబుకి తిరిగి వచ్చేసరికి మెట్ల మీద తవిటయ్య క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రిటైరైన దగ్గర్నుంచి కూతురికి అన్నం తేవడం ఒక్కటే ఆయనకి డ్యూటీ. దానికి ఒక్కరోజు కూడా లేటు కాలేదు.

"ఏటమ్మా, మొగం అలగున్నాది? అమ్మ సేపల పులుసు పెట్టింది. సల్లారిపోతాది, రా."

"నీ రూలు పెట్టినాను నాన్నా. ఈ బాబు థీసిస్ పోయింది." శ్యామల అంతా చెప్పింది. తవిటయ్య మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాకుండా విన్నాడు. ఆ అలవాటు ఆమెకి ఆయన నుంచే వచ్చింది.

"ముద్ర సూసినావా?" అన్నాడు చివరికి.

"ఏ ముద్ర?"

"అదీ సంగతి. నువ్వు సగం అడిగినావు, నేను సగం సెప్పినాను. బయట నుంచొచ్చిన పార్టుని మన వర్క్‌షాపులో అరగదీసి, బొక్కేసి, ఇక్కడి బండికి పట్టేలాగ సేస్తే, దాని మీద మన షాపు ముద్ర కొడతారు. ముద్రున్నదాన్ని స్క్రాపు సేయరు. పేరు ఒకటే గాని అది వేరే పార్టు."

"దీని మీద ముద్ర లేదు నాన్నా. ఎవరు మార్చినారో రాయలేదు."

"అయితే తప్పు నీది కాదు, కొట్టనోడిది. మా దగ్గిర అలాంటోడికి ఇంక్రిమెంటు ఆపేసేవోరు."

"ఇంక్రిమెంటు సరేనండీ," అన్నాడు చలపతి నీరసంగా. "ఐదింటికి నా పని ఏమిటి?"

తవిటయ్య అతని వైపు జాలిగా చూశాడు. "బాబూ, పార్టు పోయిందంటున్నారు. ఆ పార్టుతో తిరిగిన బండ్లు పోనేదు కదా? డ్రాయింగు కనపడనప్పుడు మేం తిరుగుతున్న బండిని ఆపి కొలుస్తాం. కొలిచి కొత్తది సేస్తాం."

శ్యామల లేచి నిలబడింది. ఏడేళ్లుగా ఆ ఫైలుతో అచ్చయిన థీసిస్‌లన్నీ ఒకే బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా తాళాలు ఆలిస్ గారి నడుముకి ఉంటాయి.

థీసిస్ సెక్షన్‌లో గణపతిరావు గారు అప్పటికి రెండు గంటలుగా బతిమాలుతున్నారు. ఆలిస్ గారు రెండు గంటలుగా టైపు చేస్తున్నారు. ఆవిడ ఆంగ్లో ఇండియన్. తాత, తండ్రి ఇద్దరూ ఇంజను డ్రైవర్లు. రైల్వే కాలనీలో తెలుగువాళ్ల పిల్లలతో ఆడుకుని పెరిగినావిడ కాబట్టి ఆవిడ తెలుగు అచ్చంగా న్యూ సెటిల్‌మెంట్ తెలుగే.

"ఎక్స్‌టెన్షన్ నేదు ప్రొఫెసర్ బాబూ. ఐదంటే ఐదే. మా తాత ఒక్క నిమిషం లేటయితే సంజాయిషీ రాసేవోడు." తలుపు వైపు చూసి ఆగారు. "ఏటి తవిటయ్యా? నువ్వూ థీసిస్ ఇస్తావేటి?"

"కొలవడానికొచ్చినాను ఆలిసమ్మా. మా పిల్ల పని."

శ్యామల అడగవలసింది అడిగింది. ఆలిస్ గారు ఆమెని కాసేపు చూశారు. ఆ బీరువాలోంచి థీసిస్ బయటికి తీసుకెళ్తామన్నవాళ్లని ఆవిడ చాలామందిని చూశారు గానీ, ఇక్కడే నిలబడి కొలుచుకుంటామన్నవాళ్లని ఎప్పుడూ చూడలేదు. తాళం తీశారు. ఆ తర్వాత, ఆ గదిలో ఎవరూ కనీవినీ ఎరగని పని చేశారు. తన చెక్క స్కేలు శ్యామల చేతికిచ్చారు.

"ఒక్కటి సాలదమ్మా," అన్నాడు తవిటయ్య. "ఒక్క బండినే కొలిస్తే ఆ బండి అరుగుదల కూడా కొలిసినట్టే. పాతదొకటి, నడిమిదొకటి, కొత్తదొకటి తియ్యి."

తండ్రీ కూతుళ్లు కిటికీ దగ్గర పని మొదలుపెట్టారు. రిటైరైనా తవిటయ్య చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు రూళ్లకర్ర ఉంది. వరసల మధ్య దూరం చూడడానికి ఆయన ఒక వరస కొలవలేదు. పది వరసలు కలిపి కొలిచి పదితో భాగించమన్నాడు. "ఒకటి కొలిస్తే కన్ను మోసం సేస్తాది. పది కొలిస్తే పది మోసాలూ కలిసి సన్నవైపోతాయి." ఎడమ ఒకటిన్నర. కుడి ఒకటి. పైన ఒకటింపావు. అధ్యాయం మొదలయ్యే చోట రెండు. శ్యామల రాసుకుంటూ పోయింది. చలపతి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఏడేళ్లు వంతెనలు కొలిచినవాడికి ఆ పది వరసల లెక్క ఇంత సులువుగా చెప్పినవాళ్లు లేరు.

గణపతిరావు గారికి మాత్రం కోపం తగ్గలేదు. ఇంక్రిమెంటు ఆపే సంగతి చలపతి చెప్పగానే ఆయనకి ఎంతో నచ్చింది.

"చాలా మంచి పద్ధతి! మన దగ్గర కూడా పెట్టాలి. వాడు ఇప్పుడు ఏ దేశంలో ఉన్నా సరే, ఉత్తరం రాయిస్తాను. ముద్ర కొట్టని ప్రతివాడికీ ఇంక్రిమెంటు కట్!"

ఆలిస్ గారు వినడం లేదు. బీరువాలోంచి తీసిన మొదటి థీసిస్, ఎనభై తొమ్మిది నాటిది, తిరిగి లోపల పెట్టబోతూ, అలవాటు కొద్దీ ముందు పేజీ ఒకటి తెరిచారు.

"నేను థీసిస్‌లో ఈ థాంక్స్ పేజీ ఒక్కటే సదువుతాను తవిటయ్యా. మిగతాదంతా లెక్కలు. ఇక్కడైతే అమ్మలు, పెళ్లాలు, హాస్టల్ వంటోడు, అందరూ ఉంటారు."

"దీంట్లో ఏటి రాసున్నాది ఆలిసమ్మా?"

ఆలిస్ గారు కళ్లజోడు సర్దుకుని ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయారు. "తల్లికి థాంక్స్... మేనమామకి థాంక్స్... టైఫాయిడ్ వచ్చినప్పుడు సూసిన డాక్టరుకి... ఆఁ, ‘సంస్థ కోరిన మార్జిన్లకి సరిపడేట్టు థీసిస్ ఫైలుని ఒక్క పూటలో మార్చి ఇచ్చిన మా లెక్చరర్ శ్రీ గణపతిరావు గారికి’..."

ఆవిడ ఆగారు.

గణపతిరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది శుభ్రంగానే ఉంది. మళ్లీ పెట్టుకున్నారు.

"తాత్కాలికంగా చేశాను," అన్నారు.

చలపతి నేల వైపు చూశాడు. ఆ నేలలో చూడవలసింది ఏదో చాలా ఉన్నట్టుంది. ఆఖరికి తవిటయ్యే అన్నాడు, ఎగతాళి ఏమీ లేకుండా: "పని మాత్రం గట్టి పనండి. టెంపరరీ అన్నది ఏడేళ్లు నడిసిందంటే మాటలా?"

శ్యామల తలెత్తలేదు. ఆఖరి అంకె రాసుకుని, స్కేలు ఆలిస్ గారికి రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

మూడింటికి ఆమె ల్యాబులో కీబోర్డు ముందు కూర్చుంది. సీడీ మీద వచ్చిన ఫైలుని ముట్టుకోలేదు. కొత్త ఫైలు తెరిచి, అందులోకి ముందు ఆ సీడీ ఫైలుని పిలుచుకుని, ఆపైన మారవలసినవి మాత్రం రాసింది. మొత్తం పంతొమ్మిది వరసలు. పేరు చివర ఖరగ్‌పూర్ స్టేషన్ కోడు మూడక్షరాలు ముద్రలాగా చేర్చింది. ఫైలు నెత్తి మీద ఎవరు రాశారు, ఎప్పుడు, ఎందుకు, ఏ మూడు థీసిస్‌లు కొలిచి రాశారు అన్నీ పెట్టింది. దాని కింద ఇంకో వరస రాసింది: ఈ మార్పులు మొదట చేసినవారు ప్రొఫెసర్ గణపతిరావు గారు.

ఆయన ఆమె వెనకే నిలబడి ఉన్నారు. తన గది నుంచి కాగితాల కట్ట ఒకటి తనే మోసుకొచ్చారు. ఆ వరస చదివి, కట్ట విప్పి ప్రింటరులో సర్దారు.

ప్రింటరు మొదలైంది. నూరు దాటింది. నూట ఇరవై దాటింది. నూట నలభై. నూట నలభై ఒకటి. నూట నలభై రెండు.

ఆగింది. ఈసారి కాగితం ఇరుక్కుందా అని చలపతి అడగలేదు. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. తవిటయ్య కూతురి వైపు చూసి తల ఒక్కసారి ఆడించాడు. ముప్పై నాలుగేళ్ల స్టోరు ఉద్యోగంలో ఆయన ఎవరికైనా ఇచ్చిన పెద్ద మెప్పు అదే.

ఆ తర్వాతదంతా పరుగు. మూడు ప్రతులు జిరాక్స్. సర్టిఫికెట్ పేజీల మీద గణపతిరావు గారి సంతకాలు. తీతు సూది, సుత్తి, బంక డబ్బాతో రిక్షా ఎక్కి ల్యాబుకే వచ్చేశాడు. చిరిగిన నాలుగో అట్టని రిక్షాలోనే మళ్లీ అతికించాడు. పదిహేడో నంబరు త్రికోణాన్ని కూడా దాని మూలలో దాని చోటే పెట్టాడు.

నాలుగూ యాభై రెండుకి ఆలిస్ గారు స్కేలు తీశారు. మొదటి ప్రతిలో మూడు చోట్ల, రెండో ప్రతిలో రెండు చోట్ల కొలిచారు. మూడోది కొలవలేదు. అట్ట మూల బొటనవేలితో నొక్కి చూశారు.

"గట్టిగున్నాది. లోపల ఏటి పెట్టినారు?"

"పాత సాఫ్ట్‌వేరండీ," అన్నాడు చలపతి.

ఆవిడ రసీదు రాసిచ్చారు. నాలుగూ యాభై ఆరు అని టైము కూడా వేశారు. క్యాంటీన్‌లో ఆమ్లెట్ అయిపోయింది. ల్యాబు మెట్ల మీద తవిటయ్య క్యారియర్ విప్పితే, చల్లారిన చేపల పులుసు నలుగురికీ సరిపోయింది. తీతు ముక్కలో ముల్లు ఎక్కడుందో వెలుతురులో చూసుకుంటూ, ఇంకెప్పుడైనా నల్ల చెక్కలు పారేస్తే తనకే చెప్పమన్నాడు. శ్యామల నోటుబుక్కు తీసి, పెన్సిలుతో పెట్టుకున్న ఆ ప్రశ్నార్థకాన్ని చెరపలేదు. పక్కన జవాబు రాసుకుంది.

మంగళవారం ఉదయం ల్యాబు తలుపు మీద టైపు చేసిన నోటీసు ఒకటి అంటించి ఉంది: ఇక మీదట ఏ ఫైలును మార్చినా, మార్చినవారు ఫైలు పేరు మార్చి, తమ పేరు విధిగా రాయవలెను. శ్యామల దాన్ని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివింది.

కింద ఎవరి పేరూ లేదు.